కుంగిన కాంక్రీట్‌ను లేపే నురుగు: ఏ యంత్రం కొనాలి?

అమెరికాలో ఇంటి ముందు కారు నిలిపే దారి, వీధి పక్క నడకదారి, పెరట్లో అరుగు, గోదాము నేల చాలావరకు మట్టి మీద నేరుగా పోసిన కాంక్రీట్ పలకలే. కింద మట్టిని సరిగా దిమ్మిస కొట్టకపోయినా, చూరునీళ్ళు ఆ మట్టిని కోసుకుపోయినా పలక ఒక మూల కుంగుతుంది. దాన్ని పగలగొట్టి కొత్తది పోయవచ్చు. లేదా పలకకు కన్నం వేసి, కిందికి ఏదో ఒకటి ఎక్కించి, ఉన్నదాన్నే పైకి లేపవచ్చు. ఈ రెండో పని అక్కడ ఒక పెద్ద వ్యాపారం. వికలాంగుల హక్కుల చట్టం కింద 2010లో వచ్చిన ప్రమాణాల ప్రకారం నడిచే దారిలో పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు మించిన నిలువు మెట్టును అలాగే వదిలేయకూడదు. కాబట్టి ఇళ్ళ యజమానులతోపాటు పురపాలక సంఘాలు, దుకాణ సముదాయాలు కూడా ఈ పనివాళ్ళను పిలుస్తుంటాయి.

తొలి పద్ధతి బురద ఎక్కించడం. 1930ల నుంచి అమెరికా రోడ్ల మీద మట్టి, ఇసుక, సిమెంటు కలిపిన చిక్కటి ముద్దను పంపుతో పలకల కిందికి తోస్తూ వచ్చారు. దానికి 4, 5 సెంటీమీటర్ల కన్నాలు కావాలి. ఘనమీటరు ముద్ద 1,600 కిలోలకు పైగానే తూగుతుంది. అసలే బలహీనమైన నేల మీద ఆ బరువు అదనం. పాలియురెథేన్‌ను జర్మనీలో ఓటో బేయర్ బృందం 1937లో కనిపెట్టింది. దాని నురుగును, అంటే ఫోమ్‌ను, పలకల కిందికి ఎక్కించే పద్ధతి 1970లలో ఫిన్లాండ్‌లో రూపుదిద్దుకుంది. ఈ ఫోమ్ స్వేచ్ఛగా పొంగితే ఘనమీటరు 30 నుంచి 65 కిలోలే. కన్నం వేలు పట్టేంత, అంటే 16 మిల్లీమీటర్లు చాలు. పావుగంటలో బలం చాలావరకు వచ్చేస్తుంది, కారు అదేరోజు ఎక్కించవచ్చు. బురద పని యంత్రం చవక, సరుకూ చవక. ఫోమ్ పనిలో రెండూ ఖరీదే. చిన్న ట్రైలర్ ఏర్పాటుకే పదుల వేల డాలర్లు అవుతాయి, అన్నీ అమర్చిన ట్రక్కు లక్ష డాలర్లు దాటుతుంది. ఎంపికలో పొరపాటు జరిగితే దిద్దుకోవడం అంత తేలిక కాదు.

యంత్రం సంగతి తెలియాలంటే ముందు రసాయనం సంగతి తెలియాలి. రెండు డ్రమ్ములు ఉంటాయి. ఒకదానిలో ఐసోసైనేట్, రెండోదానిలో రెసిన్. రెసిన్‌లో పాలియోల్, చర్యను వేగపరిచే ఉత్ప్రేరకాలు, బుడగలను నిలబెట్టే సబ్బులాంటి పదార్థం, కొద్దిగా నీరు కలిపి ఉంటాయి. రెండూ కలవగానే ఐసోసైనేట్ ఆ నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది. మిశ్రమం పొంగుతుంది, పొంగుతూనే గట్టిపడుతుంది. ఇదంతా సెకన్లలో మొదలవుతుంది. అమెరికాలో ఐసోసైనేట్‌ను ఏ వైపు అని, రెసిన్‌ను బీ వైపు అని పిలుస్తారు, గొట్టాలకు ఎరుపు, నీలం రంగులు ఇస్తారు. యూరప్‌లో ఈ ఏ, బీలు తారుమారు. యూరప్ కాగితాలతో వచ్చిన సరుకును అమెరికా అలవాటుతో బిగిస్తే యంత్రం మొదటిరోజే పాడవుతుంది.

పలకను ఎత్తేదేమిటన్న ప్రశ్నకు కొత్తవాళ్ళు యంత్రం ఒత్తిడి అని జవాబు చెబుతారు. లెక్క వేస్తే అది నిజం కాదు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల మందం ఉన్న పలక బరువు సుమారు 2,160 కిలోలు. వినడానికి పెద్ద బరువే. కానీ అది తొమ్మిది చదరపు మీటర్ల మీద పరుచుకుని ఉంటుంది. చదరపు అంగుళానికి లెక్కిస్తే వచ్చేది పౌనులో మూడో వంతు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడిలో ఇది వందో వంతు. అంచుల రాపిడిని, పక్క పలకల పట్టును కలుపుకున్నా పొంగే ఫోమ్‌కు ఇది లెక్కలోది కాదు. మరి యంత్రాలు 1,000 నుంచి 1,500 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌనుల ఒత్తిడి మీద ఎందుకు నడుస్తాయి? కలపడానికి. ఫోమ్‌ను కన్నంలోకి వదిలే గన్ లోపల చిటికెన వేలి గోరంత గదిలో రెండు ద్రవాల ధారలు ఎదురెదురుగా ఢీకొంటాయి. కవ్వం ఉండదు, గరిటె ఉండదు. ఆ ఢీ ఎంత గట్టిగా ఉంటే మిశ్రమం అంత బాగా కలుస్తుంది. కాబట్టి యంత్రం కొనేవాడు డబ్బు పెట్టేది ఎత్తే బలానికి కాదు, సమపాళ్ళకు, సమాన వేడికి, మంచి కలయికకు. ఏ భాగాన్ని ఎంచుకునేటప్పుడైనా ఈ మూడే చూడాలి.

ఏర్పాటులో గుండెకాయ ప్రపోర్షనర్. రెండు ద్రవాలనూ ఘనపరిమాణంలో ఒకటికి ఒకటిగా కొలిచి, వేడిచేసి, ఒత్తిడితో గొట్టాల్లోకి పంపే యంత్రం అది. పాళ్ళు బరువులో కాదు, పరిమాణంలో. ఐసోసైనేట్ నీటికన్నా నాలుగో వంతు దాకా బరువెక్కువ, రెసిన్ కొంచెమే ఎక్కువ. అందుకే సమపాళ్ళలో వాడినా రెండు డ్రమ్ముల బరువు ఒకేలా తగ్గదు. పాళ్ళు తప్పితే ఫోమే చెబుతుంది. ఐసోసైనేట్ ఎక్కువైతే పెళుసుగా విరుగుతుంది. రెసిన్ ఎక్కువైతే మెత్తగా, జిగటగా ఉండిపోయి, కొన్నాళ్ళకు కుంచించుకుపోతుంది. చిక్కేమిటంటే అది పలక కింద ఉంటుంది, కంటికి కనిపించదు. బయటపడేది పలక మళ్ళీ కుంగినప్పుడే.

ప్రపోర్షనర్లు గాలితో, కరెంటు మోటారుతో, హైడ్రాలిక్స్‌తో నడిచేవి మూడు రకాలు. గాలివి సాదా, మరమ్మతు తేలిక, కానీ వాటికి పెద్ద కంప్రెసర్ కావాలి. కరెంటువి ఇళ్ళ పనులకు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. హైడ్రాలిక్‌వి రోజంతా ఆగకుండా పోసే పెద్ద పనులకు నిలుస్తాయి, ధర, బరువు కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి. ఎంత విడుదల సామర్థ్యం కావాలన్నదే అసలు ప్రశ్న. ఇక్కడే అమ్మకందారు పెద్ద సంఖ్య చూపించి ఊరిస్తాడు. ప్రచారంలో ఉన్న ఒక కరెంటు యంత్రాల వరుసనే చూస్తే, గ్రాకో కంపెనీ రియాక్టర్ ఈ-10 నిమిషానికి గరిష్ఠంగా సుమారు 5.4 కిలోలు, ఈ-20 సుమారు 9 కిలోలు, ఈ-30 సుమారు 13.5 కిలోలు పంపగలవు. పైన లెక్కించిన పలక కింద సగటున రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ ఉందనుకుంటే నిండవలసింది ఘనమీటరులో నాలుగో వంతు కన్నా తక్కువ. కింద ఒత్తుకుని ఫోమ్ కాస్త చిక్కబడుతుంది కాబట్టి ఘనమీటరుకు 65, 70 కిలోలు వేసుకున్నా మొత్తం 15 కిలోల సరుకు. పెద్ద యంత్రానికి అది నిమిషం పని. కానీ ఆ నిమిషాన్ని ఐదారు కన్నాల మధ్య రెండేసి, మూడేసి సెకన్ల చొప్పున పంచాలి. ఒక్కో మోతాదు తరువాత ఆగి, పలక ఎంత లేచిందో చూసి, మళ్ళీ వేయాలి. ఎక్కువ లేచిన పలకను దించడానికి చవకైన దారి లేదు. గంటల పనిలో ఫోమ్ పారే సమయం నిమిషాలే, మిగిలినదంతా కన్నాలు వేయడం, కొలవడం, కాచుకోవడం. కాబట్టి ఇళ్ళ దారులు, నడకదారులు చేసేవారికి మధ్యస్థ యంత్రం సరిపోతుంది. రహదారి పలకలు, గోదాములు, కల్వర్టుల పక్క పెద్ద ఖాళీలు నింపేవారికే పెద్దది అవసరం. అక్కడ కూడా ఒకేచోట ఎక్కువ సరుకు ఒక్కసారిగా పోయకూడదు. చర్యలో పుట్టే వేడికి లోపలినుంచి దారి దొరక్క ఫోమ్ మాడుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. విడతలు విడతలుగా పోయడమే పద్ధతి.

అయినా చాలామంది అనుభవజ్ఞులు చిన్న పనులకు కూడా పెద్ద యంత్రాన్నే కొంటారు. వాళ్ళు కొనేది విడుదల కోసం కాదు, హీటర్ల కోసం. ద్రవాలు సాధారణంగా 40 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ మధ్య గన్‌కు చేరాలి. సరిగ్గా ఎంత అన్నది సరుకు తయారీదారు కాగితంలో ఉంటుంది. నిమిషానికి పది కిలోల ద్రవాన్ని 30 డిగ్రీలు పెంచడానికి సుమారు 9 కిలోవాట్ల హీటర్ కావాలి. మినసోటాలోనో విస్కాన్సిన్‌లోనో అక్టోబరు ఉదయం డ్రమ్ము చల్లబడి ఉంటే చిన్న హీటర్ చేతులెత్తేస్తుంది. యంత్రం పంపులు బాగానే ఉంటాయి, ద్రవం మాత్రం చల్లగా, చిక్కగా గన్‌కు చేరి సరిగా కలవదు. టెక్సస్‌లో పనిచేసేవారికి ఈ బెడద కొన్ని వారాలే. అందుకే హీటర్ పరిమాణాన్ని ఊరి చలి చూసి ఎంచుకోవాలి.

వేడి సంగతి డ్రమ్ముల దగ్గరే మొదలవుతుంది. డ్రమ్ముల నుంచి ప్రపోర్షనర్‌కు సరుకు అందించేవి ట్రాన్స్‌ఫర్ పంపులు. డ్రమ్ములోని ద్రవం 20, 30 డిగ్రీల మధ్య ఉంటేనే అవి తేలిగ్గా తోడగలవు. అంతకన్నా చల్లబడితే ఒక పంపు ఆకలితో వట్టి గాలి మింగినట్టు కొట్టుకుంటుంది, అప్పుడు పాళ్ళు తప్పుతాయి. డ్రమ్ము చుట్టూ చుట్టే హీటర్ పట్టీ, ద్రవాన్ని తిప్పి డ్రమ్ములోకే పంపే ఏర్పాటు, వాహనం పెట్టెకు గోడల్లో వేడి నిలిపే పొర ఉండాలి. జాబితాలో చివర కనిపించే వస్తువులే ఇవి, చలికాలంలో రోజు కూలిని కాపాడేవి కూడా ఇవే. ఐసోసైనేట్‌కు చలి ఒక శత్రువు, తేమ రెండో శత్రువు. గాలిలోని తడి తగిలితే అది గాజుపలుకుల్లాంటి గట్టి స్ఫటికాలుగా మారి పంపుల సీళ్ళను కోస్తుంది. కాబట్టి డ్రమ్ము మూతకు తేమను పీల్చే గింజల సీసా బిగిస్తారు, గింజల రంగు మారితే కొత్తవి వేస్తారు. పంపు మెడ దగ్గర కప్పులో నూనె నింపి ఉంచుతారు. ఈ పావు లీటరు నూనె విషయంలో బద్ధకిస్తే బిల్లు వేల డాలర్లలో వస్తుంది.

వేడిచేసిన గొట్టం 15 మీటర్ల ముక్కలుగా వస్తుంది. ఎరుపు, నీలం గొట్టాలు, గాలి గొట్టం, వేడి తీగలు అన్నీ ఒకే జడలో ఉంటాయి. ట్రక్కు వీధిలో ఆగుతుంది, పెరటి అరుగు ఇంటి వెనక ఉంటుంది. ఇళ్ళ పనులకు 60 మీటర్లు హాయి, గోదాములకు 90 దాకా కావచ్చు. పొడవు పెరిగేకొద్దీ గొట్టాన్ని వేడిచేసే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరుగుతుంది, ఒక్కో యంత్రానికి ఇంతే అని గరిష్ఠ పొడవు ఉంటుంది. కొనేముందు ఆ హద్దు అడగాలి. తరువాత గొట్టం కలుపుదామంటే యంత్రం ఒప్పుకోకపోవచ్చు.

గన్ ఎంపికలో ప్రధాన తేడా శుభ్రం చేసుకునే తీరు. ఎయిర్ పర్జ్ గన్‌లో ట్రిగర్ వదలగానే గాలి దూసుకొచ్చి కలిపే గదిని ఊది ఖాళీ చేస్తుంది. మెకానికల్ పర్జ్‌లో ఒక కడ్డీ ముందుకు తోసుకొచ్చి మిగిలినదాన్ని నెట్టేస్తుంది. మొదటిదానికి కంప్రెసర్ గాలి ఎక్కువ ఖర్చు, శుభ్రం చేసే శ్రమ తక్కువ. రెండోది అటుదిటు. పలకలు ఎత్తేవారు మాటిమాటికీ ట్రిగర్ నొక్కి వదులుతారు కాబట్టి గన్ ఏదైనా లోపలి సీళ్ళు త్వరగా అరుగుతాయి. సీలు అరిగినప్పుడు ఒక వైపు ఒత్తిడి పడిపోతే ఎక్కువ ఒత్తిడి ఉన్న ద్రవం రెండో వైపులోకి చొచ్చుకుపోతుంది. గొట్టంలోనే ఫోమ్ పుడుతుంది. దీన్ని క్రాస్‌ఓవర్ అంటారు, ఈ వ్యాపారంలో అందరూ భయపడే మాట అదే. నివారణకు రెండు ఒత్తిడి గేజీల మీద కన్ను ఉండాలి. పంపులు రెండూ ఒకే పరిమాణం తోస్తాయి కాబట్టి ఒక గేజీ హఠాత్తుగా పెరిగితే ఆ వైపు గన్‌లో ఏదో అడ్డుపడింది. ఒకటి హఠాత్తుగా పడిపోతే ఆ వైపు సరుకు అందడం లేదు. తేడా హద్దు దాటితే తానే ఆగిపోయే యంత్రానికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. రెండో గన్ కూడా బండిలో ఉండాలి. ఒకటి మొరాయిస్తే దాన్ని రాత్రి తీరిగ్గా విప్పుకోవచ్చు, ఖాతాదారు ముందు విప్పనక్కర్లేదు.

కరెంటు, గాలి గురించి చెప్పేది తక్కువే అయినా తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. ప్రపోర్షనర్ హీటర్లు, మోటారు, గొట్టం వేడి, డ్రమ్ము పట్టీలు, కంప్రెసర్, డ్రిల్, లైట్లు, వీటన్నిటి వాట్లు కూడి, మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కక్షణం లాగే అదనపు కరెంటు కలిపి, ఆపైన నాలుగో వంతు మిగులు ఉంచుకుని జనరేటర్ కొనాలి. 10 కిలోవాట్ల హీటర్ ఉన్న యంత్రానికి 12 కిలోవాట్ల జనరేటర్ పెట్టినవాడు కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ యంత్రం ఆగిపోవడం చూస్తాడు. కంప్రెసర్ గాలి కూడా పొడిగా ఉండాలి. తేమ తీసే డ్రయర్ లేకపోతే గన్ ఊదిన ప్రతిసారీ కలిపే గదిలోకి నీళ్ళు చల్లినట్టే.

వాహనం విషయంలో ట్రైలర్‌కు తక్కువ ఖర్చు, పెట్టె ట్రక్కుకు సౌకర్యం. అమెరికాలో బరువు లెక్క కూడా చూసుకోవాలి. నిర్దేశిత మొత్తం బరువు 10,001 పౌనులు, అంటే సుమారు 4,536 కిలోలకు చేరి రాష్ట్రాల మధ్య తిరిగే వ్యాపార వాహనాలకు కేంద్ర రవాణా నిబంధనలు వర్తిస్తాయి. 26,001 పౌనులకు చేరితే వాణిజ్య డ్రైవర్ లైసెన్సు తప్పనిసరి. 55 గ్యాలన్ల డ్రమ్ముల జత ఒకటి నాలుగున్నర వందల కిలోలకు మించే తూగుతుంది, పై లెక్కలో సుమారు 30 పలకలకు వస్తుంది. రెండు జతలు, జనరేటర్, గొట్టాలు కూడితే చిన్న ట్రైలర్ ఇరుసు ఎంత మోస్తుందో ముందే చూసుకోవాలి. చేతి పనిముట్లు పెద్ద ఖర్చు కావు. సుత్తి దెబ్బల డ్రిల్, 16 మిల్లీమీటర్ల బిట్లు, కన్నంలో బిగించే పోర్టులు, ఎత్తు కొలిచే లెవెల్, చివర కన్నాలు పూడ్చే సిమెంటు మసాలా ఉంటే చాలు. లెవెల్ మాత్రం మంచిది కొనాలి. ఆ పరికరం చూపించే మిల్లీమీటర్లకే ఖాతాదారు డబ్బు ఇస్తాడు.

ఐసోసైనేట్ అనగానే తెలుగు పాఠకుడికి 1984 నాటి భోపాల్ గుర్తుకు రావడం సహజం. అక్కడ లీకైనది మిథైల్ ఐసోసైనేట్, తేలిగ్గా ఆవిరయ్యే విషం. ఈ పనిలో వాడేది ఎండీఐ అనే బరువైన రకం, మామూలు వేడిలో చాలా తక్కువగా ఆవిరవుతుంది. అలాగని నిర్లక్ష్యం చేయకూడదు. వేడిచేసినప్పుడు, గన్ దగ్గర తుంపరగా మారినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పనివల్ల వచ్చే ఉబ్బసానికి ఐసోసైనేట్లు పేరుపొందిన కారణం. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే ఆ తరువాత కొద్దిగా తగిలినా ఆయాసం వస్తుంది, ఆ మనిషి ఆ పని మానుకోవలసిందే. అమెరికాలో పనిచోట భద్రతను చూసే ఓషా సంస్థ గాలిలో ఎండీఐకి దాటకూడని హద్దుగా పెట్టింది పది లక్షల భాగాల్లో 0.02 భాగం. తగిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, పొడుగు చేతుల దుస్తులు యంత్రంతోపాటే కొనాలి. గోదాము లోపల, నేలమాళిగలో పని అయితే గాలి సరఫరా ఉండే మాస్కు దాకా ఆలోచించాలి.

యంత్రం ఎంత మంచిదైనా కొన్ని నేలలకు ఈ పనే పరిష్కారం కాదు. డాలస్ చుట్టుపక్కల బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఇళ్ళు కొన్న తెలుగువాళ్ళు ఎండాకాలంలో పునాది చుట్టూ నీటి గొట్టం పరిచే అలవాటు అందుకే చేసుకున్నారు. గుంటూరు, కర్నూలు నల్లరేగడి ఎరిగినవారికి ఆ మట్టి స్వభావం వేరే చెప్పనక్కర్లేదు. అలాంటిచోట కుంగిన పలకను ఫోమ్ ఎత్తుతుంది గాని, మట్టి ఉబ్బడాన్ని ఆపలేదు. నీటి దారి సరిచేయకుండా ఎత్తిన పలక మళ్ళీ కదులుతుంది. కింద నీరు నిలిచి ఉంటే తడికి చెడని రకం ఫోమ్‌ను అడిగి తెప్పించుకోవాలి, అది సరుకు ఎంపిక గాని యంత్రం ఎంపిక కాదు. ముక్కలుముక్కలుగా పగిలిన పలకను ఎత్తబోతే ముక్కలే విడివిడిగా లేస్తాయి.

సరుకు అమ్మే కంపెనీలే తరచూ యంత్రాలూ అమర్చి ఇస్తాయి. అందులో సౌలభ్యం ఉంది, చిక్కూ ఉంది. తమ సరుకే వాడాలన్న షరతు ఒప్పందంలో ఉందేమో చూడాలి. విడిభాగం ఎన్ని రోజుల్లో చేరుతుందో, పని మధ్యలో ఫోన్ చేస్తే యంత్రం తెలిసినవాడు ఎత్తుతాడో లేదో ధర కన్నా ముందు అడగాల్సినవి. శిక్షణ ఎన్ని రోజులు, ఎవరి నేల మీద అన్నదీ రాయించుకోవాలి.

పాత యంత్రం కొనేవారు ముందు ఐసోసైనేట్ వైపు పంపు విప్పించి చూడాలి. స్ఫటికాలు, గీతలు కనిపిస్తే ధర తగ్గించమనడం కాదు, వదిలేయడమే మేలు. బాగుంటే గొట్టాలను వేడెక్కించి, రెండు వైపుల ద్రవాన్నీ వేర్వేరు పాత్రల్లోకి ఒకే సంఖ్యలో పంపు దెబ్బలు పట్టి తూచాలి. ఒక్కోదాని సాంద్రతతో భాగిస్తే రెండు పరిమాణాలూ సమానంగా రావాలి. తరువాత ఒక అట్టపెట్టెలోకి ఫోమ్ వదిలి, పొంగడానికి పట్టిన సమయం చూడాలి. చల్లారాక ఒక ముక్క కోసి తూచి, సాంద్రత కాగితంలో రాసినదానికి సరిపోయిందో లేదో లెక్కించాలి. ఈ పరీక్ష మధ్యాహ్నం ఎండలో కాదు, ఉదయం చలిలో చేయించాలి. కొత్త యంత్రం ఉన్నవారు కూడా ప్రతి ఉదయం మొదటి కన్నానికి ముందు ఈ అట్టపెట్టె పరీక్షే చేస్తారు.